డిగ్రీ ఫస్టియర్‌లో రాయించడం ఎలా? 64 పేపర్లు, ఒకటే వ్యాసం

చాక్‌పీసు
బీకాం ఫస్టియర్‌కి తెలుగు చెప్తున్నా. ప్రైవేటు కాలేజీ, సెక్షన్‌లో 64 మంది. మొన్న "మా ఊరు" మీద ఒక పేజీ రాసుకు రమ్మన్నా. మొదటి పేపర్ తీస్తే "మా ఊరు పచ్చని పంట పొలాలతో, గలగల పారే సెలయేళ్ళతో కళకళలాడుతూ ఉంటుంది" అని ఉంది. రెండోదీ అదే. పదిహేనోది చూసేసరికి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో పుట్టి పెరిగిన కుర్రాడి ఊళ్ళో కూడా సెలయేరు పారుతోంది. అడిగితే "ఫోన్లో కొడితే అదే వచ్చింది మేడమ్" అన్నాడు, బెరుకన్నది లేకుండా.

తిట్టి లాభం లేదు. ఇంటర్ రెండేళ్ళూ బిట్లు, గైడ్లు, బట్టీ. సొంతంగా నాలుగు వాక్యాలు రాయమని వీళ్ళని ఎవరూ అడిగినట్టు లేదు. నాకున్నవి వారానికి నాలుగు పీరియడ్లు. పద్యభాగం, గద్యభాగం, వ్యాకరణం అన్నీ వాటిలోనే. క్లాసులో చేయించే పనులు, వాడుకోదగ్గ మెటీరియల్ ఏమన్నా ఉంటే చెప్పండి. "పుస్తకాలు చదివించండి" అనే సలహా మాత్రం వద్దు, అది మా ప్రిన్సిపాల్ గారు రోజూ ఉచితంగా ఇస్తున్నారు.

బీకాం_బాధితుడు
పదేళ్ళ కిందట నేనూ అదే వ్యాసం రాశా మేడమ్. మాది మిర్యాలగూడ. మా దగ్గర పారేది సాగర్ ఎడమ కాలువ, అది కూడా నీళ్ళు వదిలినప్పుడే. పేపర్లో మాత్రం సెలయేరు. అప్పుడు ఫోను లేదు, గైడు ఉంది. అంతే తేడా.

గోదారి_మేష్టారు
తప్పు పిల్లల్లో లేదండి, ప్రశ్నలో ఉంది. "మా ఊరు", "నా ఆశయం", "అమ్మ ప్రేమ" అని ఇస్తే సెలయేరు కాక ఇంకేం పారుతుంది? ఆ పేర్లు చూడగానే ఏం రాయాలో వాళ్ళకి చిన్నప్పట్నించీ వచ్చు.

నేనిచ్చేది ఇది. పీరియడ్ మొదట్లో పది నిమిషాలు, ఫోన్లు బల్ల మీద బోర్లా. "పొద్దున ఇంట్లోంచి బయలుదేరి కాలేజీ గేటు దాకా వచ్చేలోపు ముక్కుకి తగిలిన వాసనలు వరసగా రాయండి. బాగుంది, బాగోలేదు అనే మాటలు వాడకూడదు." మొదటిరోజు నవ్వుతారు. మురుక్కాలవ గురించి రాసి పక్కవాడికి చూపించుకుంటారు. రాయనివ్వండి. మూడోసారికి దారిలో పడతారు. ఒకడు ఏం రాశాడో చూడండి: "బైపాస్ దాటాక ఉప్పుడు బియ్యం మిల్లు. ఆ వాసన వస్తే మా నాన్నకి ఆ రోజు పని ఉన్నట్టు. రాకపోతే ఇంటికెళ్ళాక మాట్లాడకూడదు." మూడు వాక్యాలండి. పాతికేళ్ళ సర్వీసులో అంత మంచి పేరా నేను రాయలేదు.

ఎర్రసిరా
వాసనలు బాగున్నాయి సార్. సెమిస్టర్ పరీక్షలో వాసన మీద ప్రశ్న వస్తుందా? పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, యాజమాన్యం అందరూ చూసేది పాస్ పర్సెంటే కదా. ఇలాంటివి జీతం ఖాయంగా వచ్చేవాళ్ళకి బాగుంటాయి.

గోదారి_మేష్టారు
పరీక్షలో లేఖ వస్తుంది, వ్యాసం వస్తుంది కదండీ ఎర్రసిరా గారూ. చూసినదాన్ని వరసలో పెట్టడం వచ్చినవాడు ఆ రెండూ రాస్తాడు. గైడు బట్టీ పట్టినవాడు గైడులో లేని లేఖ వచ్చిందంటే ఖాళీగా ఇచ్చేస్తాడు. దిద్దేది మనమే, చూస్తూనే ఉన్నాం. ఇక జీతం సంగతంటారా, నేను రిటైరయ్యాను. ఇప్పుడు చెప్పేది ఉచితమే.

కరీంనగర్_కాంట్రాక్ట్
మేష్టారు చెప్పింది నిజం. నా ముచ్చట చెప్త, జర పెద్దగైతది.

పోయినేడు బీఏ ఫస్టియర్ల "మీ ఇంట్ల ఎవరన్న చేతులతోటి చేసే పని ఒకటి, చూడనోళ్ళకు సమజయ్యేటట్టు రాయుండ్రి" అన్న. ఒక పిల్ల, క్లాసుల ఎన్నడు నోరు తెరవదు, వాళ్ళమ్మ బీడీలు చేసుడు రాసింది. తునికాకు రాత్రి నీళ్ళు చల్లి గోనెసంచిల చుట్టిపెట్టుడు. పొద్దుగాల రేకు ముక్క కొలత పెట్టి కత్తెరతోటి కోసుడు. ఒళ్ళె చాట, చాటల తంబాకు. ఆకుల తంబాకు పోసి చుట్టి, కొస మడిచి, దారం కట్టుడు. "కట్టకు ఇరవై అయిదు. వెయ్యికి నలభై కట్టలు. మా అమ్మ టీవీ చూసుకుంట చేస్తది గని చేతులు టీవీ చూడయి" అని రాసింది. గా వాక్యం చదివి నేను పేపర్ పక్కకు పెట్టి బయటికొచ్చిన.

గిప్పుడు అసలు గొడవ. నేను గా పేపర్‌ను క్లాసుల చదివి వినిపించిన. మా డిపార్ట్‌మెంట్ల పెద్దసారు దాన్ని చూసి "చేస్తది", "చూడయి", "గని" అన్నిటికి ఎర్ర గీతలు కొట్టి ఇచ్చిండు. పిల్ల మళ్ళ నాలుగు వారాలు ఏం రాయలె. రాసినంక గదే వచ్చింది. సెలయేరు.

ఎర్రసిరా
ఆ పెద్దసారుని సమర్థించడం లేదు. కానీ గ్రూప్ 1 మెయిన్స్‌లోనో, రేపు ఏదో ఆఫీసులోనో "చేస్తది" అని రాస్తే ఊరుకుంటారా? యాస ఇంట్లో మాట్లాడుకుంటారు. రాతకి ఒక పద్ధతుంది. ఆ పద్ధతి మనం నేర్పకపోతే పట్నం పిల్లలతో పోటీలో నష్టపోయేది ఆ అమ్మాయే.

కరీంనగర్_కాంట్రాక్ట్
"రాతకి ఒక పద్ధతుంది" అన్నరు కద. గా పద్ధతి ఎవరింట్ల మాట్లాడే భాష సార్? జర చెప్పుండ్రి.

లైబ్రరీ_మూల
కొట్టుకోకండి, ఈ గొడవకి వందేళ్ళు దాటాయి. పైగా అది మొదలైంది సరిగ్గా మనం మాట్లాడుకునే చోటే. విశాఖ ప్రాంతంలో స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న యేట్స్ దొర, జనం మాట్లాడే తెలుగు ఒకటీ పుస్తకాల్లో తెలుగు ఒకటీ ఎందుకున్నాయని అడిగాడు. గిడుగు రామ్మూర్తి, గురజాడ ఆ ప్రశ్న పట్టుకున్నారు. 1910 తర్వాత స్కూల్ ఫైనల్ పరీక్షలో పిల్లలు వ్యాసం గ్రాంథికంలో రాయాలా వ్యావహారికంలో రాయాలా అనేదే పెద్ద తగాదా అయ్యింది. అవతల గ్రాంథికం పక్షాన జయంతి రామయ్య పంతులు గారు. అంటే వాడుక భాష ఉద్యమం రాజుకున్న చోట్లలో ఒకటి పిల్లల కాంపోజిషన్ పేపరు!

ఇప్పుడు గిడుగు పుట్టినరోజని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, వ్యాసరచన పోటీ పెడతాం, అందులో వాడుక మాట రాసిన పిల్లకి మార్కులు కోస్తాం.

బీకాం_బాధితుడు
పైగా ఆ పోటీలో టాపిక్ "తెలుగు భాష తియ్యదనం". ఫస్ట్ ప్రైజు వచ్చినవాడికి స్టీలు టిఫిన్ డబ్బా.

తుంగభద్ర
టిఫిన్ డబ్బా మాకూ ఇచ్చినారు, మూత పట్టదు.

యాస గొడవకి మా దగ్గర ఒక దారి దొరికింది, చెప్తా. ఒకే సంగతిని ఇద్దరికి రాపిస్తాను. మొదట వాళ్ళ అవ్వకో తమ్ముడికో చెప్తున్నట్టు, ఎట్ల మాట్లాడతారో అట్లనే. తర్వాత అదే సంగతి ఆర్టీసీ డిపో మేనేజరుకి. మా పిల్లోడు ఒకడు అవ్వకి "బస్సు ఆపకుండా పాయె, ఎండలో నిలబడితిమి" అని రాసినాడు. అదే డిపో మేనేజరుకి రాసేటప్పుడు వాడంతట వాడే బస్సు నంబరు, టైము, స్టాపు పేరు ఏసినాడు. నేను చెప్పలే. ఎవరికి రాస్తున్నాం అనేది తెలిస్తే భాష దానంతటదే మారుతుంది. "తప్పు" అనే మాటే రాదు.

ఇంకోటి, నాకు బాగా పనిచేసింది సమాచార హక్కు దరఖాస్తు. 2005 చట్టం. తెలుగులోనే రాయొచ్చు, ఎందుకు అడుగుతున్నామో చెప్పనక్కర్లే, ఫీజు పది రూపాయలు. మా ఏపీలో మండలాఫీసుకైతే ఐదు, గ్రామంలో అయితే అసలు లేదు. రాయడం నేర్పేదానికి ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలే. ఎందుకంటే ఇందులో సోది రాస్తే పని కాదు. "మా ఊరి రోడ్డు ఎందుకు వేయలేదు?" అని రాస్తే అది సమాచారం కాదు, ప్రశ్న అంటారు. "ఫలానా రోడ్డుకి ఫలానా సంవత్సరంలో మంజూరైన మొత్తం, పని అప్పగించిన ఉత్తర్వు నకలు ఇవ్వగలరు" అని రాయాల. ఆ ఒక్క "ఎందుకు"ని "నకలు"గా మార్చేదానికి రెండు పీరియడ్లు పట్టింది. ఆ రెండు పీరియడ్లలో నేర్చుకున్నది ఏడాది వ్యాకరణంలో నేర్చుకోలే.

క్లాసులో తొమ్మిది దరఖాస్తులు పోస్టు చేసినాం. ముప్పై రోజుల్లో జవాబు ఇయ్యాల. నాలుగింటికి వచ్చినాయి. మిగతావాటికి అప్పీలు రాయడం అనేది తర్వాతి అసైన్‌మెంటు, మేం వెతుక్కోనక్కర్లేకుండానే దొరికింది.

ఎర్రసిరా
ఇది బాగుంది. నిజంగా బాగుంది. పరీక్షలో లేఖకీ పనికొస్తుంది.

గోదారి_మేష్టారు
ఎర్రసిరా గారు ఒప్పుకున్నారు. ఈ తేదీ రాసి పెట్టుకోండి.

చాక్‌పీసు
అందరికీ థాంక్స్. కానీ నా అసలు బాధ ఒకటుంది. పేపర్‌కి ఐదు నిమిషాలు వేసుకున్నా 64 మందికి 320 నిమిషాలు, అయిదు గంటల ఇరవై నిమిషాలు. అదీ ఒక్క సెక్షన్‌కి. నాకు మూడు సెక్షన్లు. వారం వారం రాయిస్తే దిద్దేదెవరు? ఇంట్లో నాకూ ఇద్దరు పిల్లలున్నారు, వాళ్ళ హోంవర్కూ నేనే.

డాలర్_టీఏ
అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తూ ఫస్ట్ ఇయర్ కాంపోజిషన్ రెండు సెక్షన్లు చెప్తున్నా. ఇక్కడ ఏ గ్రూపు తీసుకున్నా మొదటి ఏడాది రాత కోర్సు దాదాపు తప్పనిసరి. హార్వర్డ్ 1885లో దీన్ని మొదటి సంవత్సరంలో పెట్టింది, మిగతావాళ్ళు ఆ దారి పట్టారు. ఇక్కడి కాంపోజిషన్ టీచర్ల సంఘం సెక్షన్‌కి ఇరవై మంది మించకూడదు, పదిహేనైతే మేలు అంటుంది. మీ 64 అంకె మా డైరెక్టర్‌కి చెప్తే కుర్చీలోంచి లేచి నిలబడింది.

దిద్దడం గురించి నాకు మొదటివారమే నేర్పింది: అన్ని తప్పులూ దిద్దొద్దు. దిద్దితే పిల్లలు చూసేది మార్కు మాత్రమే, ఎర్ర సిరా చూడరు. (హ్యాండిల్ గురించి కాదు సార్.) ఒక పేపర్లో ఒక్క విషయం గురించే చెప్పాలి. రాసుకొచ్చింది మళ్ళీ రాయించాలి. మొదటి చిత్తుకి మార్కుల్లేవు.

ఒక పని మీకూ పనికొస్తుంది. రాసిన పేపర్ పక్కవాళ్ళకిస్తారు. వాళ్ళు ప్రతి పేరా పక్కన, ఆ పేరా ఏం చెప్తోందో నాలుగు మాటల్లో రాయాలి. పొగడొద్దు, తిట్టొద్దు. రెండు పేరాల పక్కన ఒకటే మాట వచ్చిందంటే ఒకటి దండగ. ఏమీ రాయలేకపోతే ఆ పేరా గాలి. మీ సెలయేరు వ్యాసానికి పక్కన ఏం రాస్తారో చూడండి.

ఇంగ్లీషు చెప్పేవాళ్ళకి పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ళ ఆన్‌లైన్ రైటింగ్ ల్యాబ్ ఉచితం, ముప్పై ఏళ్ళుగా ఉంది. అదలా ఉంచితే, చాట్ జీపీటీ గోల ఇక్కడా అంతే. చాలామంది మళ్ళీ నీలం అట్ట పుస్తకాలిచ్చి క్లాసులోనే చేత్తో రాయిస్తున్నారు.

కరీంనగర్_కాంట్రాక్ట్
మేడమ్, 64ను నాలుగు గుంపులు చెయ్యుండ్రి. అందరు వారం వారం రాస్తరు, మీరు ఇంటికి తీస్కపోయేది పదహారే. ఏ గుంపుదో రాసినంకనే చెప్పుండ్రి, ముందు చెప్తె మిగిలినోళ్ళు రాయరు. అనుభవంతోటి చెప్తున్న.

వత్తులబండి
అందరూ పెద్ద పెద్ద సంగతులు మాట్లాడుతున్నారు, మా పిల్లలు "విధ్యార్థి", "ప్రస్న", "అద్యక్షుడు" దగ్గరే ఆగిపోయారు. ఇంగ్లీషు మీడియంలో చదివొచ్చిన వాళ్ళైతే ఫోన్లో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు, "నేను వస్తున్నా"కి తెలుగు లిపి కనపడి ఎన్నాళ్ళయిందో. వీళ్ళతో వాసనలు రాయించేదెలా?

డబుల్_మీడియం
వత్తులబండి గారికి నాదొక చిట్కా. నేను ఇంగ్లీషు లెక్చరర్‌ని, ఏపీలో. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే కాబట్టి నా క్లాసులో పిల్లలు రెండు భాషల మధ్య వేలాడుతుంటారు. ఫోన్లో తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టి, చెప్పదల్చుకున్నది రెండు నిమిషాలు మాట్లాడమంటాను. అది తెలుగు లిపిలో పడుతుంది, చుక్కలూ కామాలూ ఉండవు, సగం మాటలు వింతగా పడతాయి. దాన్ని బాగుచేయడమే పని. ఎక్కడ ఆగాలో, ఏది రెండుసార్లు అన్నామో, "అంటే" ఎన్నిసార్లు వాడామో వాళ్ళకే కనపడుతుంది. ఒకడు లెక్కపెట్టి "సార్, ముప్పై ఒక్క అంటేలు" అన్నాడు. బాగుచేసినదాన్ని చేత్తో ఎత్తిరాయించండి, వత్తులు అక్కడ దిద్దండి. సొంత మాట కాబట్టి గుర్తుంటుంది. నేను దాన్నే ఇంగ్లీషులోకి రాయిస్తాను, గైడు ఇంగ్లీషు కన్నా నయంగా వస్తోంది.

వత్తులబండి
నా పేరు కూడా వాయిస్ టైపింగ్‌లో "వత్తుల బండి" బదులు "ఎద్దుల బండి" అని పడింది. ఇప్పుడే చూశా.

బీకాం_బాధితుడు
అదే బాగుంది, ఉంచేయండి.

లైబ్రరీ_మూల
మెటీరియల్ అడిగారు కదా చాక్‌పీసు గారూ. మాటకి అర్థం, ఒత్తు సరిచూసుకోడానికి ఆంధ్రభారతి నిఘంటు శోధన. బ్రౌణ్యం (బ్రౌన్ దొర నిఘంటువు), శబ్దరత్నాకరం ఇంకా చాలా నిఘంటువులు ఒకేచోట వెతుక్కోవచ్చు. పాత పుస్తకాల నుంచి పేరాలు కావాలంటే తెలుగు వికీసోర్స్, టైపు చేసే ఉంటాయి, నేరుగా ప్రింటు తీసుకోవచ్చు. మీ ఆఫీసులో డీటీపీ చేసినవి అను ఫాంట్లలో (యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్లు) ఉంటే మాత్రం వాట్సాప్‌లో పంపకండి, పిల్లలకి గవ్వలూ గీతలూ కనపడతాయి. యూనికోడ్‌లోనే కొట్టించండి.

ఇంకో పని. తెలుగు వికీపీడియాలో మన రెండు రాష్ట్రాల ఊళ్ళకి చాలావరకు పేజీలున్నాయి, జనాభా లెక్కల వివరాలతో నింపినవి. ప్రతి పిల్లవాణ్ణీ వాళ్ళ ఊరి పేజీ తెరవమనండి. 2011లో ఎన్ని ఇళ్ళు, పోస్టాఫీసు ఎంత దూరం, బోరుబావి కింద ఎన్ని హెక్టార్లు, అన్నీ ఉంటాయి. మనుషులుండరు. "ఇందులో ఏది తప్పు? ఏది లేదు? లేనిది రాయాలంటే ఆధారం ఎక్కడ దొరుకుతుంది?" అని అడగండి. మా వాళ్ళు మొదటిసారి ఉత్సాహంగా "మా ఊరు సుందరమైనది" అని చేర్చారు, గంటలో ఎవరో తీసేశారు. పిల్లలకి కోపం వచ్చింది. ఎందుకు తీసేశారో చర్చ పేజీలో చదివాక, అభిప్రాయానికీ ఆధారానికీ తేడా నేను బోర్డు మీద రాయాల్సిన పని లేకపోయింది.

డబుల్_మీడియం
చాట్ జీపీటీని దాచిపెట్టి లాభం లేదు, బల్ల మీదే పెట్టండి. "మా కాలేజీ గురించి ఒక పేజీ" అని క్లాసులోనే దాన్ని అడిగించండి. ప్రింటు తీసి అందరికీ పంచి అబద్ధాలకి గీత గీయమనండి. మా కాలేజీకి అది "విశాలమైన క్రీడా మైదానం" ఇచ్చింది. మాది మూడో అంతస్తు, కింద బట్టల షోరూం.

చాక్‌పీసు
మూడు వారాలయింది, మీరు చెప్పినవి చేయించి చూశా, ఏమైందో చెప్తా.

అబద్ధాలకి గీతలు గీయించడం హిట్. పీరియడ్ అయిపోయినా లేవలేదు. నాలుగు గుంపుల లెక్క పనిచేస్తోంది, ఆదివారం ఆదివారంలా ఉంది. పక్కవాళ్ళ పేపర్ మీద నాలుగు మాటలు రాయించడం మాత్రం బోల్తా. స్నేహితులు ఒకళ్ళకొకళ్ళు "సూపర్" అని రాసుకున్నారు. ఈసారి రోల్ నంబర్లు తారుమారు చేసి చూస్తా. సమాచార హక్కు జోలికి వెళ్ళొద్దని యాజమాన్యం కబురు పంపింది, ఎందుకో అడగలేదు. డిపో మేనేజరు ఉత్తరంతో సరిపెట్టా. ఒక పిల్ల ఉత్తరానికి నిజంగా జవాబు వచ్చింది, దాన్ని నోటీసు బోర్డులో పెట్టాం.

మన సెలయేరు కుర్రాడి గురించి. వాసనలు రాయమంటే రెండుసార్లు నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నాడు. మొన్న ఇది ఇచ్చాడు, ఉన్నదున్నట్టు: "మా దగ్గర నీళ్ళు పారవు మేడమ్, ట్యాంకర్లో వస్తాయి. పైపు అతుకు దగ్గర కారుతుంది. అక్కడ తడిసిన మట్టి వాసన వస్తుంది. వర్షం వచ్చిందనుకుని మా నానమ్మ బట్టలు తియ్యమంటుంది."

కరీంనగర్_కాంట్రాక్ట్
ఎన్ని మార్కులేసిండ్రు?

చాక్‌పీసు
వెయ్యలేదు. "నానమ్మ అన్న మాట నానమ్మ మాటల్లోనే రాసుకురా" అని తిప్పి ఇచ్చా. రేపు తెస్తానన్నాడు.

ఎర్రసిరా
తెచ్చాక ఇక్కడ పెట్టండి. యాసలో ఉన్నా ఫర్వాలేదు.